లోహ విమాన నమూనాల నాణ్యత: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

తిరుపతి, చిత్తూరు పరిసరాల పాఠకులు కొందరు లోహంతో పోతపోసిన ప్రయాణికుల విమానాల నమూనాల గురించి రాసిన ఉత్తరాలను ఈసారి ఒకచోట చేర్చి జవాబులిస్తున్నాము.

ప్రశ్న: చిన్న విమాన నమూనాలు సేకరించే అలవాటు నాకు ఈమధ్యనే పట్టుకుంది. ఇండిగో ఎ320 నియో నమూనాలు రెండు చూశాను. ఒకటి పదహారు సెంటీమీటర్ల పొడవుతో, చేతికి బరువుగా, మిలమిల మెరుస్తూ పన్నెండు వందల రూపాయలకు వస్తోంది. రెండవది పది సెంటీమీటర్లైనా లేదు. పెట్టె మీద 1:400 అని ఉంది. ధర నాలుగు వేల పైచిలుకు. పెద్దది చవకగా, చిన్నది ఖరీదుగా ఎందుకున్నాయి? కంటితో చూసి నాణ్యతను నిర్ణయించడం ఎలా? – బ్యాంకు ఉద్యోగి, తిరుపతి

జవాబు: ముందుగా బరువు సంగతి తేల్చుకుందాం. ఈ నమూనాలను ఎక్కువగా జామాక్ అనే జింకు మిశ్రమ లోహంతో పోతపోస్తారు. అందులో సుమారు 4 శాతం అల్యూమినియం, కొద్దిపాటి మెగ్నీషియం, రాగి ఉంటాయి. అది 400 డిగ్రీల సెల్సియస్ లోపే కరుగుతుంది కనుక ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో పంపి ఒకే రకం ముక్కలను పెద్ద సంఖ్యలో తీయవచ్చు. బరువు ఆ లోహం ఎంత వాడారన్నది మాత్రమే చెబుతుంది. అచ్చును ఎంత శ్రద్ధగా చెక్కారో, రంగులు ఎంత నేర్పుగా అద్దారో, ముక్కలను ఎంత సూటిగా కూర్చారో చెప్పదు. ధరలో తేడా ఈ మూడింటి దగ్గరే వస్తుంది.

మీరు చూసిన పెద్ద నమూనా పెట్టె మీద స్కేలు, అంటే నమూనా అసలు విమానంలో ఎన్నో వంతో చెప్పే 1:400 వంటి నిష్పత్తి, రాసి ఉందా? బహుశా ఉండదు. ఎ320లో కొత్త తరం ఇంజిన్లు అమర్చిన రకమైన ఎ320 నియో అసలు పొడవు 37.57 మీటర్లు. దానిని పదహారు సెంటీమీటర్లకు కుదిస్తే స్కేలు దాదాపు 1:235 అవుతుంది. అటువంటి స్కేలు ఏ సేకరణలోనూ లేదు. అదే వరుసలో దొరికే ఎ380ని కూడా కొలిచి చూడండి, 72.72 మీటర్ల ఆ మహాకాయం కూడా పదహారు సెంటీమీటర్లే ఉంటే, దాని స్కేలు దాదాపు 1:455 అన్నమాట. అంటే ఆ తయారీదారు విమానాన్ని కొలిచి నమూనా చేయలేదు, పెట్టెను కొలిచి చేశాడు. పిల్లలకు బహుమతిగా ఇవ్వడానికి, బల్ల మీద అలంకారంగా పెట్టుకోవడానికి అది చక్కని వస్తువే, దానిని కొనవద్దని నేను అనను. కానీ దాని పక్కన మరొక విమానాన్ని నిలిపితే ఏది పెద్దదో ఏది చిన్నదో చూసేవారికి తెలియదు. రెండవ నమూనా 1:400 అని చెప్పుకుంటోంది కనుక స్కేలుబద్ద పెడితే ముక్కు నుంచి తోక దాకా దాదాపు 9.4 సెంటీమీటర్లు రావాలి. మొదటి పరీక్ష ఇదే, దీనికి రూపాయి ఖర్చు లేదు.

కొలత సరిపోయాక అసలు పని మొదలవుతుంది. తోక దగ్గర వీటీ అక్షరాలతో మొదలయ్యే రిజిస్ట్రేషన్‌ను, అంటే మన దేశపు విమానం గుర్తింపు సంఖ్యను, ముద్రించిన క్షణం నుంచి ఆ నమూనా, ఒకానొక విమానం ఒకానొక కాలంలో ఇలా ఉండేది అని మనకు హామీ ఇస్తున్నట్టు లెక్క. కాబట్టి నాణ్యతను నిర్ణయించడమంటే ఆ రిజిస్ట్రేషన్ గల విమానం ఛాయాచిత్రాలను, వీలైతే అదే కాలానికి చెందినవాటిని, ఎదురుగా పెట్టుకుని ఆ హామీ ఎంతవరకు నిలబడిందో చూడటమే. మెరుపు, పెట్టె అందం, పెట్టెలో పెట్టే "పరిమిత ముద్రణ" అంకెల కార్డు అన్నీ దీని తరువాతివే.

మీరు ఎంచుకున్న ఎ320నే తీసుకుందాం. చూపును మొదట ఇంజిన్ల మీద నిలపండి. ఇండిగో 2006లో ఎగరడం మొదలుపెట్టినప్పటి ఎ320లకు వీ2500 ఇంజిన్లు ఉండేవి. వాటి ముందుభాగంలో తిరిగే ఫ్యాన్ వ్యాసం సుమారు 1.61 మీటర్లు. నియోలకు అమర్చిన ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్ల ఫ్యాన్ వ్యాసం సుమారు 2.06 మీటర్లు, లీప్ ఇంజిన్లదైతే సుమారు 1.98 మీటర్లు. 1:400లో ఈ తేడా ఒక మిల్లీమీటరు దాకా వస్తుంది. ఒక్క మిల్లీమీటరే కదా అనిపించవచ్చు గానీ, నాలుగైదు మిల్లీమీటర్ల ఇంజిన్‌లో అది దాచినా దాగదు. పాత ఇంజిన్లనే తగిలించి పక్కన నియో అని ముద్రించిన నమూనాలో రంగులు ఎంత బాగున్నా నా లెక్కలో అది తప్పిన నమూనాయే. పాత ఎ320లలో కూడా రెండు రకాల ఇంజిన్లు ఉన్నాయని మరవకూడదు. వీ2500 తొడుగు ముందు నుంచి వెనుక దాకా ఒకే గొట్టంలా సాగుతుంది. సీఎఫ్ఎం56 తొడుగు మధ్యలోనే ఆగిపోయి, వెనుక లోపలి భాగం సన్నగా పొడుచుకు వస్తుంది. ఒకసారి చూడటం అలవాటైతే పది అడుగుల దూరం నుంచే ఏది ఏదో చెప్పవచ్చు.

ఇంజిన్ల తరువాత చక్రాలు. మన దేశపు సేకర్తలకు ఇందులో ఒక ప్రత్యేకమైన పరీక్ష ఉంది. ప్రపంచంలో ఎక్కడ చూసినా ఎ320కి రెక్కల కింద ఒక్కో కాలికి రెండేసి చక్రాలు ఉంటాయి. ఇండియన్ ఎయిర్‌లైన్స్ మాత్రం 1989 నుంచి తెచ్చుకున్న తన ఎ320లకు, అంత బలంగా లేని రన్‌వేల మీద భారం ఎక్కువ చోట్లకు పంచుకునేలా, ఒక్కో కాలికి నాలుగేసి చక్రాల బోగీలను ప్రత్యేకంగా వేయించుకుంది. తోక మీద నారింజ రంగుతో ఉన్న ఆ కాలపు ఎ320 నమూనా మీ చేతికి వస్తే వెంటనే తిరగేసి చక్రాలు లెక్కపెట్టండి. నాలుగేసి ఉంటే తయారీదారు మన విమానాన్ని నిజంగా పరిశీలించాడని అర్థం. రెండేసి ఉంటే వేరే సంస్థల కోసం చేసిన అచ్చుకు మన రంగులు పూసి అమ్ముతున్నాడని అర్థం. ఈ ఒక్క వివరం కోసం ఎక్కువ డబ్బు పెట్టడానికి నేను వెనుకాడను.

ముక్కు ఆకారం, పైలట్ గది అద్దాలు కూడా ఇటువంటివే. ఎ320కి ముందు అద్దాలు ఆరు. బోయింగ్ 787కు నాలుగే. 737-300 నుంచి 737-900 దాకా వచ్చిన బోయింగ్ 737లలో ఇంజిన్ అడుగుభాగం నేలకు మరీ దగ్గర కాకుండా చదునుగా ఉంటుంది. నమూనాలో అది గుండ్రంగా ఉంటే అచ్చు చెక్కినవారు విమానాన్ని ఎదురుగా చూడలేదన్నమాట. 787 రెక్కల విషయంలో సేకర్తల మధ్య వాదం ఉంది: ఆకాశంలో ఉన్నప్పుడు అవి బాగా పైకి వంగుతాయి, నేల మీద ఉన్నప్పుడు అంతగా వంగవు. చక్రాలు కిందికి దించి, రెక్కలను మాత్రం ఆకాశంలో ఉన్నట్టు వంచిన నమూనాలు అందంగా కనిపిస్తాయి, అభిమానించేవారూ ఉన్నారు. చక్రాల మీద నిలబడిన విమానం నేల మీది రూపంలోనే ఉండాలన్నది నా పక్షం.

ఇక కూర్పు. రెక్కలు రెండింటినీ ఒకే ముక్కగా పోతపోసి పొట్ట కింది నుంచి అమర్చడం ఒక పద్ధతి. ఒక్కో రెక్కను విడిగా పక్క నుంచి గాడిలోకి దూర్చడం మరొక పద్ధతి. మొదటిదానిలో రెక్కకు ముందూ వెనుకా పొట్ట మీద అతుకు గీత కనబడుతుంది, దాని మీదుగా రంగు పట్టీ సాగితే అక్కడ విరిగినట్టు ఉంటుంది. రెండవదానిలో అతుకు రెక్క మొదట్లోనే కలిసిపోతుంది. కానీ రెండు రెక్కలూ ఒకే ఎత్తులో కూర్చోకపోయే ప్రమాదం దీనిలోనే ఎక్కువ. నమూనాను చదునైన గాజు పలక మీద పెట్టి, కంటిని పలక మట్టానికి దించి ఎదురుగా చూడండి. చక్రాలన్నీ ఆనాలి, రెక్కల కొసలు సమాన ఎత్తులో ఉండాలి, నిలువు తోక ఏ పక్కకూ ఒరగకూడదు, ఇంజిన్లు రెండూ ఒకే వైపు చూడాలి. ముందు చక్రం గాలిలోకి లేచి విమానం తోక మీద చతికిలబడితే, అది ఎంత పేరున్న సంస్థదైనా తిప్పి పంపండి.

ముద్రణ గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఈ అక్షరాలూ కిటికీలూ చేతితో వేసినవి కావు. చెక్కిన పలక మీది రంగును మెత్తని సిలికాన్ దిమ్మెతో ఎత్తి నమూనా మీద అద్దుతారు. ఒక్కో రంగుకు ఒక్కో పలక. పెడనలో అద్దకం చేసేవారు మొదటి దిమ్మె వేసిన గీత మీద రెండవ రంగు దిమ్మెను సరిగ్గా కూర్చోబెట్టకపోతే పువ్వు ఒకచోట, దాని రంగు ఒకచోట పడినట్టే, ఇక్కడా ఒక్క వెంట్రుకవాసి జరిగితే అక్షరానికి నీడ వచ్చినట్టు కనిపిస్తుంది. ఎ320 కిటికీల మధ్య దూరం దాదాపు 53 సెంటీమీటర్లు. 1:400లో అది 1.3 మిల్లీమీటర్లు. అంత సన్నని వరుస తలుపు దగ్గర ఎక్కకుండా దిగకుండా సూటిగా సాగిందా అన్నది భూతద్దంతో చూడవలసిన విషయం. తలుపు గీతలు మరీ నల్లగా, లావుగా ఉంటే నాకు నచ్చదు. నిజమైన విమానాన్ని దూరం నుంచి చూస్తే తలుపు గీత కంటికి ఆనీ ఆననట్టు ఉంటుంది. రంగు పూత మందమైతే రెక్క మీది సన్నని గాడులు పూడిపోతాయి. నిగనిగలాడే నమూనాలలో ఈ దోషం తరచుగా ఉంటుంది, కొత్తవారు దానినే గుణమనుకుంటారు.

అన్నీ సరిగ్గా ఉన్న నమూనా దొరకదు కనుక దేనిని మన్నించాలో కూడా చెబుతాను. వీపు మీది సన్నని యాంటెన్నాలు కాస్త లావుగా ఉండటం, చక్రాలు పిసరంత పెద్దవి కావడం, ఇంజిన్ మొదట్లో జిగురు చుక్క కనబడటం మన్నించదగినవే. తప్పు ఇంజిన్, తప్పు రెక్క కొస, తప్పు ముక్కు మన్నించదగినవి కావు. ఈ లెక్కన మీరు చూసిన రెండింటిలో చిన్నదానిని ఎంచుకోండి, అయితే పైన చెప్పినట్టు ఇంజిన్లు చూశాకే.

ప్రశ్న: మా చిన్నాన్న గల్ఫ్‌లో పనిచేసే రోజుల్లో తెచ్చిన ఎయిర్ ఇండియా జంబో లోహ నమూనా మా ఇంట్లో చాలా ఏళ్లుగా ఉంది. ఈమధ్య రెక్కల మీద సన్నని పగుళ్లు, పొట్ట మీద రంగు పొంగినట్టు బుడిపెలు వచ్చాయి. ఎవరూ కింద పడేయలేదు. బాగుచేయించవచ్చా? ఇది ఏ కాలపు విమానమో తెలుసుకునే మార్గం ఉందా? – విశ్రాంత ఉపాధ్యాయురాలు, చిత్తూరు

జవాబు: అమ్మా, మీరు వర్ణించిన లక్షణాలు జింకు మిశ్రమానికి లోపలి నుంచి పట్టే తెగులువి. పోతపోసేటప్పుడు జింకులో సీసం, తగరం, కాడ్మియం వంటివి అతికొద్ది మోతాదులో కలిసినా, ఏళ్లు గడిచే కొద్దీ లోహపు రేణువుల మధ్య సందులలో అవి తుప్పుకు దారి చేస్తాయి. లోహం ఉబ్బుతుంది, వంగుతుంది, పగుళ్లు తీసి చివరికి పొడిగా రాలుతుంది. గాలిలో తేమ, వేడి దీనిని త్వరపెడతాయి. మన జిల్లాలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, ఆపైన మండువేసవి కనుక రెండూ పుష్కలమే. పోత రోజునే లోపలికి చేరిన మలినాన్ని తీసే మందు లేదు. పైన రంగు వేయించినా, పగుళ్లలో జిగురు నింపినా కొంతకాలం కప్పిపుచ్చినట్టే తప్ప నయం చేసినట్టు కాదు. ఇది అంటువ్యాధి కాదు కనుక పక్కనున్న నమూనాల గురించి భయపడకండి. చేయగలిగిందల్లా తేమను దూరంగా ఉంచడం: గాలి చొరబడని గాజు పెట్టెలో తేమను పీల్చే సిలికా జెల్ సంచులతో పెట్టి, రెక్కలను పట్టుకుని ఎత్తకుండా, వాటి కింద మెత్తని ఆధారం ఇవ్వండి.

పాత నమూనాలు కొనేవారు ఈ ఉత్తరాన్ని హెచ్చరికగా తీసుకోవాలి. అమ్మేవారు పంపే ఛాయాచిత్రంలో రంగు ఎంత బాగున్నా, రెక్క అంచు గీత సూటిగా ఉందా, అడుగున పూత లేని చోట లోహం బూడిదరంగు పొడి రాలుస్తోందా అని అడిగి మరీ చూడాలి.

కాలం విషయానికి వస్తే, మీ దగ్గరున్నది జంబో, అంటే బోయింగ్ 747, కనుక పని తేలిక. ఎయిర్ ఇండియాకు మొదటి 747 అయిన ఎంపరర్ అశోక 1971లో వచ్చింది; 1978 జనవరి 1న బొంబాయి తీరంలో సముద్రంలో కూలిపోయింది. ఆ తరానికి చెందిన 747-200కు పై అంతస్తు పొట్టిగా ఉంటుంది, రెక్కల చివర నిటారు రెక్కలు ఉండవు. 1990ల నాటి 747-400కు పై అంతస్తు పొడవు, రెక్క కొసలు పైకి నిక్కి ఉంటాయి. రెండింటి పొడవూ 70.66 మీటర్లే కనుక పొడవు కొలిస్తే తెలియదు. రెక్కల వెడల్పు కొలవండి. పాతదానికి 59.6 మీటర్లు, కొత్తదానికి 64.4 మీటర్లు, అంటే 1:400లో 14.9, 16.1 సెంటీమీటర్లు. మీ నమూనా వేరే స్కేలుదైతే పొడవుతో రెక్కల వెడల్పును భాగించి పోల్చండి. కిటికీల చుట్టూ ఎర్రని రాజస్థానీ ఝరోకా తోరణాలు చెదరకుండా ఉంటే, తెగులు పట్టిన నమూనానైనా పారవేయకండి. అంత చిన్న కిటికీకి తోరణం అద్దడం ఇప్పటి తయారీదారులకు కూడా పరీక్షే.

ప్రశ్న: రేణిగుంట విమానాశ్రయంలో దిగే ఏటీఆర్ 72ను రోజూ మా మిద్దె మీద నుంచి చూస్తాను. దాని నమూనా కొనాలని ఉంది. 1:400 మంచిదా, 1:200 మంచిదా? – ఇంజినీరింగ్ విద్యార్థి, రేణిగుంట

జవాబు: పెద్ద విమానాలకైతే నేను 1:400 చాలంటాను, బోయింగ్ 777-300ఈఆర్ 1:200లో దాదాపు 37 సెంటీమీటర్లు వస్తుంది, విద్యార్థి గదిలో రెండు నమూనాలకే అలమర నిండిపోతుంది. ఏటీఆర్ 72 సంగతి వేరు. దాని పొడవు 27.17 మీటర్లు, రెక్కల వెడల్పు 27.05 మీటర్లు, 1:400లో పొడవు 6.8 సెంటీమీటర్లే. ఆ విమానానికి ప్రాణమంతా ప్రొపెల్లర్లలో ఉంది, అంత చిన్న స్కేలులో ఆ బ్లేడ్లు మరీ లావుగా చేయక తప్పదు. 1:200లో అది 13.6 సెంటీమీటర్లు, బ్లేడ్లు సన్నగా, మెలితిరిగి, చేతితో తిప్పితే తిరిగేలా చేయవచ్చు. కొనే ముందు బ్లేడ్లు లెక్కపెట్టండి. మొదటి ఏటీఆర్ 72-200కు నాలుగు. 72-500కూ, ఇప్పుడు మీరు చూస్తున్న 72-600కూ ఆరు. రెక్క పొట్ట పైన ఉంటుంది, చక్రాలు మాత్రం రెక్కల కింద కాకుండా పొట్ట పక్కల ఉబ్బుల లోపలికి ముడుచుకుంటాయి. ఆ ఉబ్బులు సరిగ్గా లేని నమూనా ఏ కోణంలో చూసినా ఏటీఆర్ అనిపించదు. మీకు ఎవరికీ లేని సౌకర్యం ఉంది: అసలు విమానం రోజూ కళ్ల ముందే దిగుతోంది. కొనబోయే నమూనా ఛాయాచిత్రాన్ని ఫోనులో పెట్టుకుని మిద్దె ఎక్కండి.

ప్రశ్న: పెట్టెలో "పరిమిత ముద్రణ" (ఇన్ని మాత్రమే చేసినవి) అని అంకె వేసిన కార్డు ఉన్న నమూనాలకు ముందుముందు ధర పెరుగుతుందంటున్నారు. నిజమేనా? – వస్త్ర వ్యాపారి, పుత్తూరు

జవాబు: పెరిగినవి ఉన్నాయి, పడి ఉన్నవీ ఉన్నాయి. 2012లో ఎగరడం మానిన కింగ్‌ఫిషర్, 2019 ఏప్రిల్‌లో ఆగిపోయిన జెట్ ఎయిర్‌వేస్, 2024 నవంబరులో ఎయిర్ ఇండియాలో కలిసిన విస్తారా రంగులలోని మంచి నమూనాలకు అడిగేవారు ఉంటారు, ఎందుకంటే ఇక ఏ విమానానికీ కొత్తగా ఆ రంగులు వేయరు. కానీ అదే రంగులను మరొక సంస్థ మెరుగైన కొత్త అచ్చుతో విడుదల చేసిన మరునాడు, పాత కార్డు మీద ఎంత చిన్న అంకె ఉన్నా కొనేవారు కొత్తదాని వైపే తిరుగుతారు. కార్డు అచ్చులోని తప్పును సరిచేయదు. వ్యాపార దృష్టితో అయితే ఈ డబ్బును మీ దుకాణంలోనే పెట్టండి. ఇష్టంతో అయితే కార్డును పక్కన పెట్టి విమానాన్ని చూడండి.

ప్రశ్న: అలమరలోని నమూనాల దుమ్ము దులపడం ఎలా? పురుగులు రాకుండా నాఫ్తలీన్ ఉండలు వేయవచ్చా? – గృహిణి, శ్రీకాళహస్తి

జవాబు: మెత్తని మేకప్ బ్రష్‌తో ముక్కు నుంచి తోక వైపు దులపండి, ఎదురు దులిపితే యాంటెన్నాలు విరుగుతాయి. తడి గుడ్డ, శానిటైజర్, థిన్నర్ ఏవీ వద్దు. శానిటైజర్, థిన్నర్‌లకు అద్దిన అక్షరాలు కరిగిపోతాయి. నాఫ్తలీన్ అసలే వద్దు, దాని ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది, ఇంజిన్లూ చక్రాల కాళ్లూ తరచుగా ప్లాస్టిక్‌వే. పచ్చి వాసన పోని కొత్త ప్లైవుడ్ అలమరలోనూ వెంటనే పెట్టకండి, ఆ వాసనలోని ఆమ్లపు ఆవిరి జింకుకు పడదు. తలుపులు తెరిచి కొన్ని వారాలు గాలి ఆడనిచ్చి, ఎండ నేరుగా పడని గోడకు జరిపిన తరువాత సర్దుకోండి. రబ్బరు చక్రాలు రంగు వేసిన చెక్క మీద ఏళ్ల తరబడి ఆనితే మరక పడుతుంది కనుక అరలకు గాజు పలకలే వేయించండి.